దెయ్యం ఎవరిలో ఉంది?

ఇంటాయన మంచం పట్టాడు. ఏం రోగమో అంతుపట్టడం లేదు. రోజురోజుకీ పాలిపోతున్న భర్తను చూసి ఇల్లాలు కుమిలిపోతోంది. చంటిబిడ్డ ఉన్న ఇల్లు. ఏం చెయ్యాలో పాలుపోక, తెలిసినవాడని పేరున్న ఒకతన్ని పిలిపించారు. అతను సీసం కరిగించి నీళ్లలో పోశాడు. అది గడ్డకట్టిన తీరు చూసి తేల్చేశాడు. ఇది రోగం కాదట, ఎవరో చేసిన పనేనట!

ఎవరు చేశారు? ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో వంటింట్లోకి ఓ ముసలామె వచ్చింది. పేరు మరియా. నేతపని చేసుకుని బతికే పేదరాలు. ఆకలేస్తోంది, ఇంత తిండి పెట్టమంది. పెడితే ఆవురావురుమని తింది. ఆ తినే తీరు, ఆ చూపు, ముఖం నిండా ఆ ముడతలు... ఇల్లాలి గుండె ఝల్లుమంది. ఈవిడే అయ్యుంటుంది అనుకుంది. అనుకున్నదే తడవుగా మత విచారణాధికారుల బస దగ్గరికి పరుగెత్తింది.

ఎక్కడో విన్న కథలా ఉంది కదూ! మారుమూల పల్లెలో ఎవరో చెప్పుకున్న ముచ్చట అనిపిస్తుంది. కాదు. ఇది నూరేళ్లు దాటిన ఓ మూకీ సినిమాలోని సన్నివేశం. ఆ సినిమా పేరు 'హెక్సాన్'. స్వీడిష్ భాషలో ఆ మాటకు 'మంత్రగత్తె' అని అర్థం. 1922 సెప్టెంబరు 18న స్వీడన్‌లో విడుదలైంది. తీసినవాడు మాత్రం డెన్మార్క్ మనిషి... బెంజమిన్ క్రిస్టెన్‌సెన్.

గొంతు పోయిన గాయకుడు

క్రిస్టెన్‌సెన్ జీవితమే ఓ సినిమా కథ. 1879లో డెన్మార్క్‌లోని వీబోర్గ్ పట్టణంలో పుట్టాడు. మొదట వైద్యం చదువుదామనుకున్నాడు. మధ్యలో మనసు సంగీతం మీదికి మళ్లింది. ఒపేరా గాయకుడిగా శిక్షణ పొందాడు. కానీ వేదికెక్కితే గొంతు పెగలని పరిస్థితి వచ్చింది. పాట వదిలి నాటకాల్లో చేరాడు. కొన్నాళ్లు షాంపేన్ అమ్మే ఏజెంటుగానూ పనిచేశాడు. చివరికి సినిమాల్లోకి వచ్చి 1914లో మొదటి చిత్రం తీశాడు. వెలుగునీడలతో అతను చేసిన ప్రయోగాలకు అప్పట్లోనే మంచి పేరొచ్చింది.

ఆ తర్వాత ఓసారి బెర్లిన్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో అతని చేతికి ఓ పాత గ్రంథం తగిలింది. హైన్రిక్ క్రామర్ అనే జర్మన్ మతాధికారి 1486 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన 'మాలియస్ మాలెఫికారుం'. మంత్రగత్తెల పాలిట సమ్మెట అని ఆ పేరుకు అర్థం. మంత్రగత్తెను ఎలా గుర్తుపట్టాలి, ఎలా విచారించాలి, ఎలా ఒప్పించాలి, ఎలా శిక్షించాలి... అన్నీ అందులో ఉంటాయి. అప్పటికి ఐరోపాలో అచ్చుయంత్రం వచ్చి కొన్ని దశాబ్దాలే అయింది. ఆ యంత్రమే ఈ పుస్తకాన్ని ఊరూరా మోసుకెళ్లింది. క్రిస్టెన్‌సెన్ సినిమాలో మంచాన పడ్డ ఇంటాయన వృత్తి ఏమిటో తెలుసా? పుస్తకాలు అచ్చువేయడం!

ఆ గ్రంథం క్రిస్టెన్‌సెన్‌కు నిద్రపట్టనివ్వలేదు. 1919 నుంచి 1921 దాకా రెండేళ్లపాటు పాత పుస్తకాలూ బొమ్మలూ విచారణల రికార్డులూ తిరగేస్తూ గడిపాడు. స్వెన్స్క్ ఫిల్మ్ ఇండస్ట్రీ అనే స్వీడన్ సంస్థ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది. అతని కోసం కోపెన్‌హాగెన్ దగ్గర ఒక స్టూడియోనే కొనిపెట్టింది. ఖర్చు చూస్తే, ఆ ప్రాంతంలో తీసిన మూకీలన్నింటిలోకీ ఇదే ఖరీదైన సినిమాగా మిగిలింది. అదే 1921లో మద్రాసులో రఘుపతి ప్రకాష్ 'భీష్మ ప్రతిజ్ఞ' తీస్తున్నాడు. తెలుగువాళ్ల సినిమా అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్న కాలమన్నమాట.

పాఠంలా మొదలై...

సినిమా చూద్దామని కూర్చున్నవాళ్లు మొదటి అధ్యాయంలో కాస్త తికమకపడతారు. కథ ఉండదు. హీరో ఉండడు. తరగతి గదిలో మాస్టారు పాఠం చెబుతున్నట్టుంటుంది. పాతకాలపు బొమ్మలు ఒక్కొక్కటే వస్తాయి. ఒక పుల్ల వచ్చి ఇదిగో ఇక్కడ చూడండి అన్నట్టు చూపిస్తుంది. పూర్వం మనుషులు ఈ విశ్వాన్ని ఎలా ఊహించుకున్నారు, భూమి ఎక్కడ, స్వర్గం ఎక్కడ, నరకం ఎక్కడ... అన్నీ వివరిస్తుంది. నరకంలో పాపుల్ని కాగుల్లో ఉడికించే దృశ్యం యంత్రపు బొమ్మలతో కదులుతూ కనిపిస్తుంది.

మొత్తం 7 అధ్యాయాలు. రెండో దానితో తెర మీద ప్రాణం లేస్తుంది. 1488లో ఒక మంత్రగత్తె వంటిల్లు. పొయ్యి మీద ఏదో ఉడుకుతుంటుంది. లావుపాటి సన్యాసి మనసు తనవైపు తిప్పుకోవడానికి ఒకావిడ వశీకరణ మందు కొనుక్కెళ్తుంది. ఆ సన్యాసి పాట్లు చూస్తే నవ్వాగదు. అంత బరువైన విషయంలోనూ హాస్యాన్ని వదల్లేదు దర్శకుడు.

ఇక సైతాను! నాలుక ఆడిస్తూ, ఒళ్లంతా వికారంగా కదిలిస్తూ, కిటికీల్లోంచీ మంచాల పక్కనుంచీ హఠాత్తుగా ఊడిపడతాడు. ఆ వేషం వేసింది ఇంకెవరో కాదు, క్రిస్టెన్‌సెనే. అతనే మరోచోట క్రీస్తుగానూ కనిపిస్తాడు.

షూటింగ్ ఎక్కువగా రాత్రిళ్లే జరిగింది. చీకటికి తగ్గ చిత్రం కాబట్టి నటులకూ ఆ చీకటి ఒంటపట్టాలన్నది అతని పట్టుదల. ఛాయాగ్రాహకుడు యోహాన్ అంకర్‌స్ట్యెర్న. మంత్రగత్తెలు చీపుళ్లెక్కి ఊరి మీదుగా ఎగిరిపోయే దృశ్యం ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. కంప్యూటర్ అన్న మాట లేని రోజులవి. ఊరి నమూనా కట్టి, దాన్ని పెద్ద రంగులరాట్నంలా తిప్పుతూ ఒకసారి తీశారు. గాలిలో బట్టలు రెపరెపలాడుతున్న మంత్రగత్తెల్ని విడిగా తీశారు. తర్వాత ఫిల్మ్ ప్రింట్ చేసేటప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి కలిపేశారు.

నిప్పు తిరిగి ఇంటికే

అయితే ఈ సినిమాను నూరేళ్లపాటు బతికించింది ఆ గారడీలు కావు. మరియా అనే ముసలామె కథ.

ఇల్లాలి ఫిర్యాదుతో భటులు మరియాను ఎత్తుకుపోతారు. తనకేమీ తెలియదని మొత్తుకుంటుంది. ఎవరూ వినరు. ఒళ్లు హూనం చేస్తారు. ఆ వయసులో ఎంతకని ఓర్చుకుంటుంది? చివరికి చెప్పడం మొదలుపెడుతుంది. సైతానుతో పిల్లల్ని కన్నానంటుంది. ఒంటికి లేపనం పూసుకుని ఎగిరి వెళ్లానంటుంది. అర్ధరాత్రి జాతరలో దయ్యాలతో కలిసి విందు చేశానంటుంది. ఆమె చెబుతున్నవన్నీ తెర మీద నిజంగా జరుగుతున్నట్టే కనిపిస్తుంటాయి. కాసేపటికి ప్రేక్షకుడికి అర్థమవుతుంది... ఆ వింతలన్నీ పుట్టింది ఆమె బుర్రలో కాదు. అడిగేవాళ్ల బుర్రలో! వాళ్లు ఏం వినాలనుకున్నారో నొప్పి ఆమె చేత అదే చెప్పించింది.

జాతరలో ఇంకెవరెవరున్నారని అడుగుతారు. అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. మరియా ఒక్కొక్క పేరే చెబుతుంది. తనను చీదరించుకున్నవాళ్లు, కసురుకున్నవాళ్లు, చెయ్యి చేసుకున్నవాళ్లు... అందులో ఏ ఇంట్లో తనకు ఇంత తిండి పెట్టి, ఆ వెంటనే తన మీద నేరం మోపారో ఆ ఇంటి ఆడవాళ్లూ ఉంటారు. భటులు ఈసారి ఆ గుమ్మంలోకే వస్తారు.

ఫిర్యాదు చేసిన ఇల్లాలు అన్నా కూడా తప్పించుకోలేదు. సాయం చెయ్యమని వేడుకుంటూ ఆ రోజు ఆమె ఒక కుర్ర విచారణాధికారి చెయ్యి పట్టుకుంది. అప్పట్నుంచీ అతని మనసు అదుపు తప్పింది. తప్పు తన మనసుదని అతనికి తోచలేదు. పెద్దలకూ తోచలేదు. ఆవిడేదో మంత్రం వేసిందన్నారు! ఆమెనూ చెరలో పెట్టారు. కొట్టి లాభం లేదనుకుని ఆశ చూపారు. నీళ్లతో ఉరుములు పుట్టించే విద్య నేర్పితే నిన్నూ నీ బిడ్డనూ వదిలేస్తామన్నారు. ఆమెకు ఏ విద్యా రాదు. కానీ చంటిబిడ్డను కళ్లెదుట పెట్టారు. తల్లి మనసు కదా, లొంగిపోయింది. ఆ లొంగుబాటే నేరాన్ని ఒప్పుకున్నట్టయింది. మంటలు సిద్ధమయ్యాయి.

ఒక్క అనుమానం. ఒక్క ఫిర్యాదు. చివరికి ఆ ఇల్లు ఇల్లంతా ఖాళీ. తెర మీద కొమ్ములూ తోకా ఉన్న సైతాను ఎన్నిసార్లు కనిపించినా ఒళ్లు జలదరించదు. ఈ సన్నివేశాల్లో మాత్రం గుండె బరువెక్కుతుంది.

నిమిషం కూడా పట్టలేదు

ఆరో అధ్యాయంలో అప్పటి చిత్రహింసల పరికరాల్ని వరసగా చూపిస్తారు. వాటిలో ఒకటి బొటనవేళ్లను మరలతో బిగించేది. షూటింగ్‌లో ఒక నటి సరదాపడి, అదెలా ఉంటుందో తన వేళ్లకు పెట్టి చూడమందట. ఆ ఉదంతాన్ని దర్శకుడు సినిమాలోనే అక్షరాలతో చెబుతాడు. నవ్వుతూ మొదలైన ఆ పరీక్షలో, నిమిషం తిరక్కుండానే ఆమె ఎలాంటి రహస్యాలు ఒప్పుకుందో మాత్రం బయటపెట్టనంటాడు. హాల్లో నవ్వులు వినిపించే చోటు అది. ఆ నవ్వు వెనకే ప్రశ్న. సరదాగా పెట్టుకున్నామె నిమిషంలో నోరు తెరిస్తే, రోజుల తరబడి బిగించినవాళ్ల సంగతేమిటి?

ఇంకో ఉదంతం దీనికన్నా చిత్రమైనది. మరియా వేషం వేసిన మారెన్ పెడర్సన్ పేరుమోసిన నటి కాదు. బాగా వయసు మళ్లిన సామాన్యురాలు. షూటింగ్ విరామంలో ఓసారి ఆమె అలసిన మొహం పైకెత్తి దర్శకుడితో ఓ సంగతి చెప్పింది. సైతాను ఉన్నమాట నిజమేనట. తన మంచం పక్కన కూర్చుని ఉండగా తాను కళ్లారా చూసిందట! అదీ సినిమాలో రాశాడు క్రిస్టెన్‌సెన్. సైతాను భయంతో జనం ఎలా నాశనమయ్యారో చెప్పే సినిమా... అందులో ముఖ్యపాత్ర వేసిన మనిషిని ఆ భయం అప్పటికీ వదల్లేదు. నాలుగు వందల ఏళ్ల దూరం ఆ ఒక్క ముఖంలో చెరిగిపోతుంది.

చివరి అధ్యాయంలో తప్పొప్పులు

ఏడో అధ్యాయం ప్రేక్షకుల్ని తిన్నగా 1920ల్లోకి తెస్తుంది. నిద్రలో నడిచే స్త్రీ. నగల దుకాణంలో తెలియకుండానే ఉంగరం తీసేసే స్త్రీ. ఆ రోజుల్లో డాక్టర్లు ఇలాంటివాటికి 'హిస్టీరియా' అని పేరు పెట్టేవారు. పాతకాలంలో మంత్రగత్తెలని కాల్చేసింది బహుశా ఇలాంటి రోగుల్నే కావచ్చు అంటాడు క్రిస్టెన్‌సెన్. ఒకప్పుడు వైద్య విద్యార్థి కదా! అంతటితో ఆగలేదు. మనం మాత్రం పూర్తిగా మారామా అనీ అడుగుతాడు. చీపురెక్కి ఎగిరే మంత్రగత్తె పక్కన విమానం నడిపే యువతిని చూపిస్తాడు. వెలివేసిన ముసలామె పక్కన ఆశ్రమాల్లో దిక్కులేకుండా ఉన్న వృద్ధుల్ని చూపిస్తాడు. చిట్టచివర మళ్లీ అవే చితిమంటలు.

ఇక్కడ కొన్ని సవరణలు అవసరం. 'హిస్టీరియా' అనే రోగనిర్ధారణను వైద్యశాస్త్రం ఎప్పుడో పక్కన పెట్టింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితా నుంచే ఆ పేరు పోయింది. పైగా అప్పట్లో నేరం మోపబడ్డవాళ్లంతా మానసిక రోగులు కారు. ఇరుగుపొరుగు తగాదాలు, పంటలు పోవడం, పశువులు చావడం, ఒంటరి వితంతువులు, అడుక్కునే ముసలివాళ్లు... చాలా కేసుల వెనక ఉన్నవి ఇవే. ఆ సంగతి మరియా కథలో క్రిస్టెన్‌సెన్ తెలియకుండానే సరిగ్గా చూపించాడు. సిద్ధాంతం చెప్పినప్పుడే తడబడ్డాడు.

లెక్క కూడా తప్పింది. 80 లక్షలకు పైగా జనాన్ని కాల్చేశారని సినిమా అంటుంది. అప్పట్లో చలామణిలో ఉన్న అంచనా అలాంటిదే. తర్వాత చరిత్రకారులు కోర్టుల రికార్డులు తవ్వి చూశారు. 15 నుంచి 18వ శతాబ్దం దాకా ఐరోపాలో మంత్రగత్తెలనే నేరంతో చంపినవాళ్ల సంఖ్య 40 వేల నుంచి 60 వేల మధ్య ఉంటుందని తేల్చారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఆడవాళ్లే. శిక్షలు వేసింది మతాధికారులే అన్నదీ పూర్తి నిజం కాదు. చాలాచోట్ల ఆ పని మామూలు న్యాయస్థానాలే చేశాయి. అంకె తగ్గినంత మాత్రాన పాపం తగ్గుతుందా! స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్‌లో 1782లో అన్నా గోల్డి అనే పనిమనిషి తల నరికారు. ఆమె నిర్దోషి అని అక్కడి పాలకులు ప్రకటించేసరికి 2008 వచ్చింది. ఆ ఒక్క మాటకు 226 ఏళ్లు పట్టింది.

కత్తెర దెబ్బలు

నగ్నత్వం, చిత్రహింసలు, మతాన్ని కించపరిచే దృశ్యాలు ఉన్నాయంటూ చాలా దేశాల్లో 'హెక్సాన్'కు కత్తెర పడింది. కొన్నిచోట్ల అడుగు పెట్టనివ్వలేదు. పెట్టిన డబ్బు చూసుకుంటే నిర్మాతలకు ఒరిగిందేమీ లేదు. ఇదే వరసలో మరో రెండు సినిమాలు తీయాలన్న క్రిస్టెన్‌సెన్ ఆశ నెరవేరలేదు. హాలీవుడ్ వెళ్లి కొన్ని సినిమాలు తీశాడు. మనసు నిలవక తిరిగొచ్చాడు. 1942లో తీసిన ఆఖరి సినిమా ఆడలేదు. ఆపైన కోపెన్‌హాగెన్ శివార్లలో ఒక సినిమా హాలు చూసుకుంటూ గడిపి, 1959లో కన్నుమూశాడు.

సినిమా మాత్రం పోలేదు. 1968లో దాన్ని కుదించి, అమెరికన్ రచయిత విలియం బరోస్ గొంతుతో వ్యాఖ్యానం, జాజ్ సంగీతం జోడించి మళ్లీ విడుదల చేశారు. అప్పటి కుర్రకారు వెర్రెత్తిపోయి చూశారు. తర్వాత స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాత ఫిల్ముల్ని శుభ్రం చేయించి, పూర్తి నిడివితో బతికించింది. ఇప్పుడు గంటా నలభై అయిదు నిమిషాల పైచిలుకు ఉన్న ఆ ప్రతి దొరుకుతోంది. చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట... ఇది పిల్లలతో కలిసి చూసేది కాదు.

గడప దాటి చూస్తే

ఐరోపాలో ఆ మంటలు ఎప్పుడో ఆరిపోయాయి. మరి మన దగ్గరో?

చేతబడి, బాణామతి... ఈ మాటలు తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఊళ్లో వరసగా ఇద్దరు మంచం పడితే చాలు, కళ్లన్నీ ఒక గుడిసె వైపు తిరిగిన రోజులు ఎన్నో. మంత్రం పలక్కుండా ఉండాలని పళ్లు ఊడగొట్టిన ఘోరాలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. చెట్లకు కట్టి కొట్టినవీ, కాల్చి చంపినవీ పేపర్లలో వచ్చాయి. దేశంలో హత్యల కారణాల్ని లెక్కగట్టే నేర గణాంకాల పట్టికలో మంత్రాల నెపం ఇప్పటికీ విడిగా ఒక వరుస. మంత్రగత్తెలన్న ముద్ర వెయ్యడాన్నే నేరం చేస్తూ బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో చట్టాలు తెచ్చాయి. ఆ ముద్రతో ఊరి చేత హింసలు పడి, తర్వాత తనలాంటివాళ్లను కాపాడటానికే జీవితం ధారపోసిన జార్ఖండ్ మహిళ ఛుట్నీ మహతోకు 2021లో పద్మశ్రీ దక్కింది.

ఆ వార్తలు చదివి 'హెక్సాన్' చూస్తే పాత్రలన్నీ తెలిసినవాళ్లలాగే ఉంటాయి. అంతుపట్టని జబ్బు. సీసం కరిగించేవాడి స్థానంలో అంజనం వేసేవాడు. ఆకలితో గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ. భయంతో పరుగెత్తే ఇల్లాలు. ఆ ఇల్లాలు చెడ్డదా అంటే కాదు. భర్తను బతికించుకోవాలన్న ఆరాటం తప్ప ఆమెలో ఏ విషమూ లేదు. భయం అంత మంచి మనిషి చేత అంత పని చేయించింది.

సైతాను వేషం వేసుకున్న దర్శకుడు తెర మీద నాలుక ఆడిస్తూనే ఉంటాడు. సినిమా అయిపోయాక గుర్తుండేది మాత్రం ఆ నాలుక కాదు. వంటింట్లో గిన్నె ముందు కూర్చుని, ఎవరేమనుకుంటున్నారో తెలియక, గబగబా తింటున్న ఓ ముసలి ముఖం. ఎప్పుడో ఒకప్పుడు అలాంటి ముఖం ఎవరి గుమ్మంలోనైనా నిలబడొచ్చు. అప్పుడు ఇంత అన్నం పెట్టి, చల్లగా మాట్లాడి పంపితే చాలు. ఒక ఇల్లు నిలబడుతుంది. కాదు, రెండిళ్లు!